ఆపరేషన్ బల్ల దగ్గర మనకు తెలియకుండా చేసే హిప్నాటిజం

హిప్నాటిజం అన్న మాట మా వైపు ముఖ్యంగా రెండు చోట్ల వినిపిస్తుంది. ఒకటి స్కూలు వార్షికోత్సవం స్టేజీ. పదో తరగతి కుర్రాడు ఉల్లిపాయని ఆపిల్ అనుకుని కరకరా నమిలేస్తుంటే కింద జనం విరగబడి నవ్వుతుంటారు. రెండోది పేపర్లో జిల్లా పేజీ. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు కోసం నిలబడ్డ పెద్దావిడని ఎవరో హిప్నటైజ్ చేసి పుస్తెలతాడు పట్టుకుపోయారన్న వార్త. ఒకటి వినోదం, ఇంకోటి దొంగతనం, కానీ రెండింటి కిందా ఉన్న నమ్మకం ఒకటే: శక్తంతా చేసేవాడి కళ్లలోనో చేతుల్లోనో ఉంది, ఎదుటి మనిషి కీలుబొమ్మ. నా పేచీ ఈ నమ్మకంతోనే. శక్తి చేసేవాడిది కాదు, వినేవాడిది. మనిషన్నాక పుట్టుకతో ఎంతో కొంత ఉండేదే అది. ఉంది కాబట్టే ఆసుపత్రుల్లో మేం తెలిసో తెలియకో రోజూ దాన్ని కదుపుతూనే ఉన్నాం, అదీ ఎక్కువసార్లు రోగికి నష్టం చేసే వైపు.

మేం అని ఎందుకన్నానంటే, నేను విజయనగరంలో ఒక ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్లో మత్తు డాక్టరు పక్కన పనిచేసే టెక్నీషియన్ని. సిలిండర్లు, మానిటర్లు, సూదులు, ఇవీ నా పని. హిప్నోథెరపిస్టుని కాను, అవ్వాలన్న కోరికా లేదు. కానీ చీపురుపల్లి నుంచో సాలూరు పై కొండల నుంచో వచ్చిన మనిషి బల్ల మీద కూర్చుని, వీపు వంచి, వెన్నులో ఇంజక్షన్ కోసం బిగుసుకుపోయి ఎదురుచూసే ఆ కాసేపట్లో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూసే ఉద్యోగం నాది. అక్కడ చూసిన దాని వల్లే ఈ విషయం చదవడం మొదలైంది.

ముందు ఒకటి తేల్చుకుందాం. హిప్నోసిస్ నిద్ర కాదు. కళ్లు మూసుకుని కదలకుండా ఉంటారు కాబట్టి అలా కనిపిస్తుంది గానీ, మెదడు తరంగాలు తీసి చూస్తే మెలకువగా ఉన్న మనిషివే. ధ్యాస ఒక్కచోటికి ముడుచుకుంటుంది, ఫ్యాను చప్పుడు, తీర్చాల్సిన అప్పు, మోకాలి సలుపు అన్నీ పక్కకి జరిగిపోతాయి. అలా ఉన్నప్పుడు ఒక మాట చెవిన పడితే, దాన్ని తర్కించకుండా ఒంటితో అనుభవించడానికి మనిషి సిద్ధంగా ఉంటాడు. ‘మీ చెయ్యి తేలికవుతోంది, దానంతటదే లేస్తోంది’ అంటే చెయ్యి లేస్తుంది. లేపింది తనే, కానీ తను లేపినట్టు అనిపించదు. ఆ అనిపించకపోవడమే ఇందులో అసలు సంగతి, మిగతాదంతా హంగు.

ధ్యాస ముడుచుకోవడం వరకూ మనందరికీ అనుభవమే. గుండెల మీద రేకు తప్పెట్లు, కాళ్లకు గజ్జెలు కట్టుకుని తప్పెటగుళ్ల వాళ్లు ఊపందుకున్నాక చుట్టూ చేరిన జనం మొహాలు చూడండి. జముకుల కథ రాత్రంతా నడిస్తే దోమలు కుట్టిన సంగతి తెల్లారాక కాళ్ల మీద దద్దుర్లు చూసుకుంటే గానీ తెలియదు. అలాగని ‘సినిమాలో లీనమైపోతే అదీ హిప్నోసిసే’ అని తేలిగ్గా చెప్పేసేవాళ్లతో నేను కలవను. లీనమవడం సగం, ఇచ్చిన మాట ఒంటి మీద పనిచెయ్యడం ఇంకో సగం. ఇది మెదడులో ప్రత్యేకమైన స్థితా, లేక ఊహ, నమ్మకం, ఎదురుచూపు కలిస్తే వచ్చేదా అని పరిశోధకుల్లోనే దశాబ్దాలుగా రెండు పక్షాలున్నాయి. నేను సహజం అంటున్నది ఇంతవరకే: మంత్రం అక్కర్లేదు, మందు అక్కర్లేదు, చూపుల్లో అయస్కాంతం అక్కర్లేదు.

వినేవాడిదే శక్తి అనడానికి గట్టి సాక్ష్యం కొలతల్లో ఉంది. స్టాన్‌ఫోర్డ్ యూనివర్సిటీలో వైట్‌జెన్‌హోఫర్, హిల్‌గార్డ్ 1959లో ఒక కొలమానం తయారు చేశారు. అందరికీ ఒకే మాటలు, ఒకే వరసలో చదివి వినిపిస్తారు, ఎవరు ఎన్నింటికి స్పందించారో లెక్క వేస్తారు. సుమారు 10 నుంచి 15 శాతం మంది చాలా బాగా స్పందిస్తారు, దాదాపు అంతే మందికి ఏమీ పెద్దగా జరగదు, మిగతా జనమంతా మధ్యలో. కాలేజీ రోజుల్లో కొలిచినవాళ్లనే 25 ఏళ్ల తర్వాత మళ్లీ కొలిస్తే చాలామందికి దాదాపు పాత మార్కులే వచ్చాయి. చేసేవాడు మారాడు, వయసు మారింది, ఆ గుణం మాత్రం మనిషితోనే ఉండిపోయింది. బలహీన మనస్కులే దీనికి లొంగుతారన్న మాటకీ ఆధారం లేదు.

ఇప్పుడు స్టేజీ మీద ఉల్లిపాయ సంగతి చూడండి. ముందు మొత్తం హాలు చేత చేతులు ముడిపించి ‘ఇక విడదీయలేరు’ అంటారు కదా, అది ఆట కాదు, ఏరివేత. బాగా స్పందించే నలుగురైదుగురు అక్కడే తేలిపోతారు. తెలుగువాళ్లకి హిప్నాటిజం అనగానే గుర్తొచ్చే బి.వి. పట్టాభిరాం గారు ఇంద్రజాలికుడే కాదు, వ్యక్తిత్వ వికాసం మీద పుస్తకాలు కూడా రాశారు. కానీ మా ఊళ్లకి చేరింది ఎక్కువగా స్టేజీయే, ఏం చేస్తాం.

చరిత్రలో కూడా ఇదే తగువు. 18వ శతాబ్దంలో ఫ్రాంజ్ మెస్మర్ అనే వైద్యుడు మనుషుల్లో ఒక అయస్కాంత ద్రవం పారుతుందని, దాన్ని తను సరిచేస్తానని పారిస్ లో పెద్ద దుకాణమే పెట్టాడు. ఆయన దగ్గరికి వెళ్లినవాళ్లు గిలగిలా కొట్టుకునేవాళ్లు, అరిచేవాళ్లు, తర్వాత తేలికపడేవాళ్లు. 1784లో రాజు పదహారో లూయీ ఒక సంఘాన్ని వేశాడు, బెంజమిన్ ఫ్రాంక్లిన్, రసాయన శాస్త్రవేత్త లవాజియే అందులో సభ్యులు. వాళ్ల పరీక్ష నాకు భలే ఇష్టం. ఫ్రాంక్లిన్ ఇంటి తోటలో ఒక చెట్టుకి ‘అయస్కాంత శక్తి’ ఎక్కించారు, ఎక్కించింది మెస్మర్ శిష్యుడే. ఒక 12 ఏళ్ల కుర్రాడికి కళ్లకి గంతలు కట్టి తోటలో తిప్పారు. కుర్రాడు చెమటలు పట్టి పడిపోయాడు, కాకపోతే వేరే చెట్టు దగ్గర! ద్రవమూ లేదు, గిద్రవమూ లేదు, ఉన్నది ఊహ అని తేల్చేసి సంఘం చేతులు దులుపుకుంది. ఒట్టి ఊహ ఒక పిల్లాణ్ని నేల మీద పడేస్తే, దాని సంగతేంటో ముందు చూడాలని వాళ్లకి తట్టలేదు. తర్వాతి వందేళ్లూ ఆ తట్టకపోవడానికి కట్టిన ఖరీదే.

తట్టినవాళ్లలో ఒకాయన మనవాడు. గోవాలో 1756లో పుట్టిన అబ్బే ఫారియా అనే క్రైస్తవ మతగురువు. 1813లో పారిస్ లో సభలు పెట్టి, ద్రవం లేదు, నా చేతుల్లో మహిమ లేదు, జరిగేదంతా కూర్చున్న మనిషి లోపలే అని చెప్పాడు. పణజీలో ఆయన విగ్రహం ఉంది. అందులో ఆయన చేతులు చాచి ఒక ఆడమనిషి మీదకి శక్తి పంపిస్తున్నట్టు నిలబడి ఉంటాడు! జీవితమంతా కాదన్న దాన్నే పాపం కంచులో పోసి నిలబెట్టారు.

మెస్మర్ దగ్గర రోగులు కొట్టుకున్నారు అన్నాను కదా. అదే 1784లో పూయిసెగూర్ అనే జమీందారు ఒక రైతు కుర్రాడి మీద మెస్మర్ పద్ధతే ప్రయత్నిస్తే, ఆ కుర్రాడు కొట్టుకోలేదు, ప్రశాంతంగా నిద్రలో ఉన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ తర్వాత అందరూ అలాగే ‘నిద్ర’ పోయారు. అంటే ఏం జరగాలని చుట్టూ ఉన్నవాళ్లు ఎదురుచూస్తారో ఆ రూపంలోనే జరుగుతుంది. మా ఊళ్లలో అమ్మవారి సంబరాలు చూసినవాళ్లకి ఇది వింతేమీ కాదు. డప్పు ఒక దరువులో పడగానే, వేపమండలు చేతికి రాగానే, పసుపు నీళ్లు పడగానే ఎవరికి పూనకం వస్తుందో, వచ్చాక ఎలా ఊగుతారో, ఎలా చల్లబడతారో ఊరికంతటికీ తెలుసు. నేను నమ్మకం జోలికి పోవడం లేదు, అమ్మ పలికిందా లేదా అన్నది నా ప్రశ్న కాదు. మనిషి ఒంటికి ఈ దారి ఉంది, ఏ ఊరు ఆ ఊరి తీరులో దాన్ని వాడుకుంది, అంతే నేననేది. నిప్పుల మీద నడిచిన కాళ్లని చూసినవాళ్లు ‘మాటతో నొప్పి తగ్గుతుందా’ అని నన్నడిగితే నాకు నవ్వొస్తుంది.

నొప్పి దగ్గరికి వచ్చాం కాబట్టి జేమ్స్ ఎస్డేల్ గురించి చెప్పాలి. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకీ బోదకాలు, వరిబీజం పాత పరిచయస్తులు, అమ్మమ్మల తరంలో ప్రతి వీధిలోనూ ఒకరు కనిపించేవారు. ఎస్డేల్ బెంగాల్లో హుగ్లీలో పనిచేసిన స్కాట్లండ్ సర్జన్. అక్కడా ఇదే బాధ. 1845 ఏప్రిల్లో జైలు ఆసుపత్రిలో ఒక ఖైదీకి వరిబీజం నీరు తీసి మందు ఎక్కించాక అతను నొప్పికి విలవిల్లాడుతుంటే, చదివిన జ్ఞానంతో మెస్మర్ పద్ధతి ప్రయత్నించాడు. తర్వాత బోదవ్యాధి వల్ల వచ్చిన పెద్ద పెద్ద కణితుల్ని కూడా అలాగే కోశాడు. అప్పటికి మత్తుమందు లేదు, ఈథర్ తో బోస్టన్లో ఆపరేషన్ చేసి చూపించింది 1846 అక్టోబరులో. అదే ఏడు కలకత్తాలో ఎస్డేల్ కోసం ఒక ఆసుపత్రి ఏర్పాటైంది. హిప్నోసిస్ ప్రచారకులు ఈ కథని ఇక్కడ ఆపేస్తారు. పరిశీలించడానికి వేసిన కమిటీ రాసింది కూడా చెప్పాలి: కొందరు కదలకుండా ఉన్నారు, కొందరి మొహాలు మాత్రం బాధ దిగమింగుతున్నట్టు వికారంగా మారాయి, ఒళ్లు మెలికలు తిరిగింది. పైగా ఒక్కొక్కర్ని సిద్ధం చెయ్యడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పట్టేది. ఈథర్, ఆ వెంటనే క్లోరోఫాం, నిమిషాల్లో, దాదాపు ప్రతి ఒక్కరి మీదా పనిచేశాయి. అవి గెలవడం న్యాయమే. మత్తు సీసాలు మోసే నేను అనాల్సిన మాటే ఇది, అయినా నిజం.

మరి ఇప్పుడెందుకు? ఎందుకంటే మత్తు ఒంటిని చూసుకుంటుంది, భయాన్ని పూర్తిగా చూసుకోదు. 1997లో మాంట్రియల్ పరిశోధకులు ఒక ప్రయోగం చేశారు. మనుషుల చేతిని మండే వేడినీళ్లలో పెట్టించి, హిప్నోసిస్ లో ‘వేడి అంతే ఉంది, కానీ అది మిమ్మల్ని అంతగా ఇబ్బంది పెట్టడం లేదు’ అన్నట్టు సూచనలిచ్చి మెదడు చూశారు. వేడి ఎంతుందో నమోదు చేసే భాగం ఎప్పటిలాగే పనిచేసింది. దాన్ని బాధగా అనుభవించే భాగం, ముందువైపు సింగులేట్ అంటారు, అది తగ్గింది. అంటే ఇది ‘పోన్లే పాపం, తగ్గిందని చెప్తున్నాడు’ అనే వ్యవహారం కాదు. మాట వెళ్లి మెదడులో ఒక నిర్దిష్టమైన చోట పనిచేసింది.

మాట తగ్గించగలిగితే, పెంచనూ గలదు. మా థియేటర్లలో రోజూ వినిపించే మాటలు కొన్ని చెప్తాను, ఎవరూ చెడ్డ ఉద్దేశంతో అన్నవి కావు. ‘కదిలావంటే సూది విరిగిపోద్ది.’ ‘చీమ కుట్టినట్టుంటాది, ఓర్చుకో.’ ‘ఇదొక్కటే కష్టమమ్మా.’ ‘వాంతి వస్తే చెప్పు’ అని ముందే తల పక్కన ట్రే పెట్టడం. నడుము కింద మొద్దుబారిందే గానీ చెవులు బాగానే పనిచేస్తున్న మనిషి తెర ఇవతల పడుకుని ఉంటే, అవతల ‘అబ్బ, బ్లీడింగ్ ఎక్కువగా ఉందే’ అనుకోవడం. ఆలోచించండి: లైట్ల కింద, ఒంటి మీద సొంత బట్ట లేకుండా, ఎటూ పోలేని స్థితిలో, ధ్యాసంతా మా నోటి మీదే పెట్టుకుని ఉన్నాడు ఆ మనిషి. ఏ హిప్నాటిస్టు కూడా ఇంత ఏకాగ్రత తెప్పించలేడు. ఆ సమయంలో మేం ఇచ్చే సూచన ఏమిటి? కుట్టు, విరుగు, కష్టం, వాంతి.

ఇది నా ఒక్కడి ఊహ కాదు. 2010లో అమెరికాలో 140 మంది గర్భిణుల మీద సరిగ్గా ఈ సంగతే పరీక్షించారు. వెన్ను దగ్గర మొద్దుబారే మందు ఇచ్చేముందు సగం మందికి ‘పెద్ద తేనెటీగ కుట్టినట్టుంటుంది, ఇదే అన్నిటికన్నా కష్టమైన భాగం’ అని చెప్పారు. మిగతా సగానికి ‘ఈ మందుతో ఇక్కడ మొద్దుబారుతుంది, తర్వాత మీకు హాయిగా ఉంటుంది’ అని. సూది అదే, మందు అదే. పదికి నొప్పి ఎంత అంటే మొదటివాళ్ల మధ్యస్థం 5, రెండోవాళ్లది 3. వాళ్ల తేనెటీగకీ మా చీమకీ సైజులోనే తేడా!

గజపతినగరం వైపు నుంచి వచ్చిన ఒక మామిడి రైతు సంగతి. బల్ల మీద ఎక్కింది మొదలు భుజాలు చెవుల దాకా లేపేసి, నా చెయ్యి గట్టిగా పట్టేశాడు. ‘భయపడకు’ అంటే ఇంకా బిగుసుకుపోతున్నాడు. తోట ఎక్కడని అడిగాను. సువర్ణరేఖ ఎన్ని, బంగినపల్లి ఎన్ని, గట్టు మీద మొదటి చెట్టు ఏది, దాని పక్కది ఏది, దేనికి ముందు పూత వస్తుందని ఒక్కో చెట్టునీ అడుగుతూ పోయాను. ఆయన కళ్లు మూసుకుని ఒక్కో చెట్టు కిందా ఆగుతూ చెప్పాడు. భుజాలు దిగాయి, ఊపిరి నెమ్మదించింది, డాక్టరు గారి పని అయిపోయింది. ‘అయిపోయిందా బాబూ’ అన్నాడు. దీన్ని హిప్నోసిస్ అనాలా వద్దా అని పండితులు కొట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. మందు ఎప్పుడూ ఇచ్చినంతే ఇచ్చాం, అది కూడా చెప్పాలి.

థియేటర్ బయట దీనికి గట్టి రుజువున్న చోటు, చాలామందికి ఆశ్చర్యంగా ఉండొచ్చు, కడుపు. ఏ టెస్టులోనూ ఏమీ తేలక, నెలల తరబడి కడుపునొప్పి, ఉబ్బరం, విరేచనాలతో తిరిగే ఐబీఎస్ రోగులు 30 మంది మీద 1984లో మాంచెస్టర్ లో పీటర్ వార్వెల్ హిప్నోసిస్ ప్రయత్నించి మంచి ఫలితం చూపించాడు. ఇప్పుడు బ్రిటన్ అధికారిక మార్గదర్శకాల్లో, మందులు వాడి ఏడాదైనా తగ్గని ఐబీఎస్ కి పరిశీలించదగ్గ చికిత్సల్లో అదొకటి. బెల్జియంలో లియేజ్ ఆసుపత్రిలో 1992 నుంచి హిప్నోసిస్, కొద్దిపాటి మందు, ఆ చోట మాత్రమే మొద్దుబారే ఇంజక్షన్, ఈ మూడూ కలిపి థైరాయిడ్ లాంటి ఆపరేషన్లు వేలల్లో చేశారు. పిల్లలకి సూది భయం, సూది నొప్పి తగ్గించడంలోనూ పనికొస్తుందని పరిశోధనలున్నాయి. మన దగ్గర నాకు వెంటనే తోచేది ఉద్దానం. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ రోగులు వారానికి రెండు మూడు సార్లు డయాలసిస్ కి వెళ్తే వెళ్లిన ప్రతిసారీ చేతికి రెండు లావుపాటి సూదులు. కిడ్నీ ఎంత పాడైందో రక్తపరీక్షలో చెప్పే క్రియాటినిన్ ని హిప్నోసిస్ ఒక్క పాయింటు కూడా దించదు, ఎవరైనా దించుతానంటే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. ఆ సూదుల ముందు రాత్రి పట్టని నిద్ర గురించి మాత్రం అది ఏమైనా చెయ్యగలదేమో చూడటంలో తప్పు లేదు.

దుకాణాలు ఎక్కువ, ఒప్పుకుంటాను. గత జన్మలు చూపిస్తామనేవాళ్లు, మరిచిపోయిన జ్ఞాపకాలు తవ్వితీస్తామనేవాళ్లు అసలు ప్రమాదం. హిప్నోసిస్ లో గుర్తొచ్చిన వాటిని నమ్మలేమని అమెరికా వైద్య సంఘం 1985లోనే చెప్పింది. ఊహ పదునెక్కినప్పుడు లేనిది కూడా స్పష్టంగా కనిపిస్తుంది, పైగా నిజమేనన్న ధీమా పెరుగుతుంది. సిగరెట్ ఒక్క సిట్టింగులో మానిపిస్తామన్న బోర్డులకీ సరైన రుజువు లేదు. మతిభ్రమణ లక్షణాలున్న మనిషిని సైకియాట్రిస్టుకి చూపించకుండా వీళ్ల దగ్గరికి తీసుకెళ్లడం అన్యాయం.

‘హిప్నోసిస్ లో మీ ఇష్టానికి విరుద్ధంగా ఏమీ చేయించలేరు’ అని ఈ రంగంవాళ్లు ధైర్యం చెప్తుంటారు. నేను అంత ధైర్యం చెప్పను. 1965లో ఓర్న్, ఎవాన్స్ చేసిన ప్రయోగంలో హిప్నోసిస్ లో ఉన్నవాళ్లు విషప్పాముని పట్టుకోమంటే చెయ్యి చాచారు, యాసిడ్ అని చెప్పినదాన్ని మనిషి మీద చల్లమంటే చల్లారు. కాకపోతే హిప్నోసిస్ లో ఉన్నట్టు నటించమన్నవాళ్లూ అదే చేశారు. ప్రయోగశాలలో పెద్దవాళ్లు చెప్తున్నారు కదా, ఏదో జాగ్రత్త తీసుకునే ఉంటారని. అంటే మనిషి చేత చెయ్యకూడని పని చేయించడానికి హిప్నాటిజం అవసరమే లేదు, నమ్మకం చాలు. కాంప్లెక్సులో పెద్దావిడ గొలుసు పోయింది కూడా అలాగే: ముందు దొంగల భయం చెప్పి, తర్వాత ‘నగలు కాగితంలో చుట్టిస్తాను తల్లీ’ అన్న మంచిమాట. అందుకే చికిత్సకి వెళ్లినా, ఆ జబ్బుని హిప్నోసిస్ లేకుండా కూడా వైద్యం చెయ్యగలిగిన డాక్టరు దగ్గరికో క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికో వెళ్లండి, ఇంట్లోవాళ్లని తోడు తీసుకెళ్లండి.

మా మత్తు డాక్టరు గారు ఇదంతా విని రెండు మాటలన్నారు. నొప్పుంటుందని చెప్పకపోతే అబద్ధమాడినట్టు కాదా అని. కాదు సార్, నొప్పి ఉండదని చెప్పమనడం లేదు, సూది పెడుతున్నామని చెప్తాం, ఎందుకు పెడుతున్నామో చెప్తాం, ఎంత నొప్పో మనం ముందే మార్కులు వెయ్యకుండా రోగికే వదిలేద్దాం అన్నాను. రెండోది, టైమెక్కడిది అన్నారు. 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ఎల్విరా లాంగ్ పరిశోధన చూపించాను. రక్తనాళాల్లోకి, కిడ్నీలోకి గొట్టాలు పంపే చికిత్సలు చేయించుకున్న 241 మందిలో, మామూలుగా చేసినప్పుడు సగటున 78 నిమిషాలు పడితే, పక్కన ఒకరు హిప్నోసిస్ మాటలు చెప్తూ ఉన్నప్పుడు 61 నిమిషాలు పట్టింది, మత్తు మందులు కూడా తక్కువ సరిపోయాయి. చదివి, ‘సరే, ఏం మాట్లాడాలో రాసి పట్రా, మన యాసలో రాయి’ అన్నారు. రాస్తున్నాం. ఒక మాట దగ్గరే సిస్టర్లకీ నాకూ ఇంకా తెగలేదు. ‘కాళ్లు తిమ్మిరెక్కుతాయి’ అని నేను రాస్తే, వద్దు, మన ముసలివాళ్లు తిమ్మిరంటే పక్షవాతం అనుకుంటారు, ‘కాళ్లు వెచ్చబడి బరువెక్కుతాయి’ అని రాయి అంటారు వాళ్లు.